స్తోత్రం పడే చోటు

మా సంఘంలో ఎవరైనా సాక్ష్యం చెప్పడానికి లేస్తే వినేవాళ్ళకు కూడా ఒక పని ఉంటుంది. చెప్పేవాళ్ళు ఒక మాట ముగించి ఆగగానే అందరూ కలిసి “స్తోత్రం” అనాలి. మళ్ళీ ఒక మాట, మళ్ళీ స్తోత్రం. ఇది ఎవరూ నేర్పరు. తల్లి ఒళ్ళో కూర్చున్న బిడ్డ మాటలు రాకముందే ఆ ఆగే చోటును పసిగడుతుంది. చెప్పేవాళ్ళు కూడా ఆ చోటును మనసులో పెట్టుకునే చెబుతారు. అందుకే ప్రతి మాటా ఇంచుమించు ఒకే పొడవు ఉంటుంది, ప్రతి మాటా దేవుడితోనే మొదలవుతుంది. దేవుడు నాకు జ్వరం తగ్గించినాడు. దేవుడు నా కొడుకును కాపాడినాడు. దేవుడు ఈ వారం పని చూపించినాడు. ఆఖరున వందనాలు చెప్పి కొంగు సర్దుకుని కూర్చుంటారు.

నేను పెరిగింది ఆ స్తోత్రాల మధ్యనే. మా నాయన ఉపదేశి. దేవనకొండ చుట్టుపక్కల పల్లెలన్నీ సైకిలు మీద తిరిగి సువార్త చెప్పేవాడు. తెల్లవారకముందే నన్ను లేపి లేఖనాలు పైకి చదివించేవాడు. మధ్యలో ఆపి, ఇప్పుడు మాట్లాడేది ఎవరు, ఎవరితో మాట్లాడుతున్నారు అని అడిగేవాడు. చెప్పలేకపోతే అధ్యాయం మొదటి నుంచి చదవాల్సిందే. అలా చదవగా చదవగా నా చెవికి ఒక సంగతి తెలిసింది. ఒక మాట మెట్టు మీద మెట్టు ఎక్కుతూ ఊపిరి చాలనంత దూరం పోతుంది. దాని వెనకే రెండు పదాల మాట వచ్చి నిలబడుతుంది. ఏడుపు వచ్చేది ఆ రెండు పదాల దగ్గర. తర్వాత చాలా ఏళ్ళకు ఉపాధ్యాయ శిక్షణలో వాక్యాల్లో వైవిధ్యం గురించి ఒక పాఠం చెప్పారు. అందులో నాకు కొత్తగా తెలిసింది ఆ పేరు ఒక్కటే.

ఇప్పుడు నేను ఎమ్మిగనూరులో ఉంటాను. ఆదోని బస్సెక్కి సగం దారిలో దిగితే నేను తెలుగు చెప్పే హైస్కూలు. ఆ ఊరి పేటలోనే మా సంఘం. వారమంతా నన్ను టీచర్ అని పిలిచే పిల్లలే ఆదివారం అక్కా అని పిలుస్తారు.

ఒకసారి తొమ్మిదో తరగతి వాళ్ళను వాన గురించి రాయమన్నాను. ఆ ఏడు వాన మొహం చాటేసి పత్తి మోకాలెత్తు కూడా రాలేదు. కాబట్టి రాయడానికి వాళ్ళ దగ్గర చాలా ఉంటుందనుకున్నాను. కాగితాలు ఇంటికి తెచ్చుకుని చదివితే అన్నీ ఒక్కరే రాసినట్టున్నాయి. మా పేట పిల్లలు దేవుడు వాన ఇచ్చును, దేవుడు పంట ఇచ్చును, దేవుడు మనలను చూచును అని రాశారు. మిగతావాళ్ళు దేవుడి చోట వానను పెట్టారు. వాన మంచిది, వాన పంటలకు మంచిది, వాన పశువులకు మంచిది. గాజులు అమ్ముకుంటూ సైకిలు మీద ఊళ్ళు తిరిగే ఒక సాయిబు గారి కూతురు మాత్రం “మా అబ్బా వానకు తడిసినాడు” అని మొదలుపెట్టి నాకు ఆశ పుట్టించింది. రెండో వాక్యానికి ఆమె కూడా వాన మంచిదిలోకి వచ్చేసింది.

మరుసటి రోజు బెంచీలు పక్కకు జరిపించి నేలను బోర్డు చేశాను. ఒకరు తమ కాగితం చదవాలి. ఇంకొకరు సుద్దముక్కతో నేల మీద గీత గీయాలి. మాట ఎంతసేపు నడిస్తే గీత అంతసేపు నడుస్తుంది. మాట ఆగితే గీత ఆగి, దాని కింద కొత్త గీత మొదలవుతుంది. కాసేపటికి నేలంతా ఒకే పొడవు గీతలు పరుచుకున్నాయి. చూస్తే ఎలా ఉంది అని అడిగాను.

“సాళ్ళ మాదిరి బాగుండాది టీచర్,” అన్నాడు వెనక నుంచి ఒక పిల్లవాడు. “గుంటక తోలొచ్చు.”

తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. వాడు అన్నది సేద్యం తెలిసిన మాట. చేలో సాళ్ళు సమంగా ఉండాలి, లేకపోతే కలుపు తీయలేం. కాగితం మీద అలా ఎందుకు ఉండకూడదో నేను మాటల్లో చెప్పలేకపోయాను. బదులుగా నేను రాసుకొచ్చిన నాలుగు మాటలు చదివాను. మొదటిది మబ్బు పట్టిన దగ్గర నుంచి అది కరగకుండా పోయిన దాకా సాగే పొడవైన మాట. సుద్దముక్క పట్టుకున్న పిల్ల వంగి గీస్తూ గీస్తూ గడప దాటి వరండాలోకి పోయింది. ఈ మాట ఆదోనికి పోతాంది టీచర్ అని ఎవరో అన్నారు. తర్వాతి మాట “వాన రాలేదు.” దాని గీత బొటనవేలంత. నవ్వు ఆగిపోయింది. ఇప్పుడు మీకు ఏ గీత గుర్తుందని అడిగితే పిల్లలు ఆ చిన్నదాని వైపే చూపించారు.

అప్పటి నుంచి వారానికొక రోజు అదే పని. ‘చేసినాడు’, ‘వచ్చినాడు’ లాంటి మాటలు లేకుండా ఒక వాక్యం చెప్పమనేదాన్ని. మాది నల్ల నేల అనేవాళ్ళు, మా ఎద్దుకు ఒకటే కన్ను అనేవాళ్ళు. మనిషితో కాకుండా చోటుతో మొదలుపెట్టమంటే, గడప పక్కన చెప్పులు, అటక మీద పిల్లి అంటూ వచ్చేవి. మూడు పనులను విడివిడిగా చెప్పక ‘లేచి, కడుక్కొని, పరిగెత్తి’ అని ఒక్క దారానికి గుచ్చమనేదాన్ని. ఎవరో అన్న మాటతోనే మొదలుపెట్టడం వాళ్ళకు బాగా నచ్చింది, ఎందుకంటే దాని చాటున హెడ్మాస్టరు గారి మాటలు అచ్చం ఆయన గొంతుతో అనొచ్చు.

ఆ తరగతిలో కిటికీ పక్కన ఒక అమ్మాయి కూర్చునేది. మా పేట పిల్లే. అందరూ నవ్వేటప్పుడు పెదవులు మాత్రం కదిపేది. చోటుతో మొదలుపెట్టండి అన్న రోజు ఆమె రాసింది ఇది: “మా ఇంటి ముందర బండ. దాని మింద తమ్ముడు కూసుండేటోడు. ఇప్పుడు ఎండ కూసుంటాది.” చదివి ఆ కాగితం బల్ల మీద బోర్లా పెట్టాను. అందరిలాగా పైకి చదివించలేదు.

ఆ తమ్ముడి సంగతి పేటలో అందరికీ తెలుసు. మా వైపు క్రిస్మస్ అయిపోతే పొలాల్లో పని ఉండదు. కుటుంబాలకు కుటుంబాలు తట్టాబుట్టా కట్టుకుని, లారీలెక్కి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతాయి. ఆ పోవడాన్ని సుగ్గికి పోవడం అంటారు. ఉగాది దాకా చేల గట్ల మీద గోనెపట్టాల గుడారాలే ఇళ్ళు. కోసిన కాయలు సాయంత్రం తూకం వేశాకే కూలి. పోయిన సుగ్గిలో వీళ్ళు నలుగురూ పోయారు. తిరిగొచ్చేటప్పుడు ఐదేళ్ళ పిల్లవాణ్ణి దుప్పటిలో చుట్టి తెచ్చారు. ఇక్కడ మా వాళ్ళ సమాధుల దగ్గరే మట్టి చేశాం. ఆ రోజు తండ్రి సమాధి పక్కన నిలబడి, దేవుడు ఇచ్చినాడు, దేవుడే పిలుచుకున్నాడు అన్నాడు. అందరం స్తోత్రం అన్నాం. ఆ తర్వాత ఏ ఆదివారం ఆయన సాక్ష్యానికి లేచినా ఆ మాటే అనేవాడు. అక్కడ ఏం జరిగిందని ఎవరమూ అడగలేదు.

ఆయన చెడ్డవాడు కాదు. ఆరాధనకు వచ్చేటప్పుడు కొడుకును భుజం మీద ఎక్కించుకుని వచ్చేవాడు. కానుకల సంచి తమ దగ్గరకు వస్తే వాడి చేత వేయించేవాడు. వాడు పోయాక ఆ సంచి దగ్గరకు వచ్చినప్పుడు తల పక్కకు తిప్పుకునేవాడు.

ఈ సుగ్గికి కూతుర్నీ తీసుకుపోతానన్నాడు. ఆమెకు పోవాలని లేదు. నిరుడు సుగ్గి వల్ల చాలా పాఠాలు పోయాయి. వచ్చే ఏడు పదో తరగతి. ఇప్పుడు పోతే తిరిగి బడిలో కూర్చుంటుందని నాకు నమ్మకం లేదు, అలా పోయి పెళ్ళికూతుళ్ళై వచ్చిన పిల్లలు నాకు చాలామంది తెలుసు. తల్లిదండ్రులు సుగ్గికి పోయిన పిల్లల కోసం మా బళ్ళోనే సీజనల్ హాస్టల్ తెరుస్తారు. అన్నం పెట్టి, తరగతి గదుల్లోనే పడుకోబెడతారు. అందులో వదిలిపెట్టమని నేను తండ్రిని అడిగాను. వండేదానికి మనిషి కావాలి, కోసేదానికి చెయ్యి కావాలి అన్నాడు. ఆమె భయం చదువు పోతుందని మాత్రమే కాదు. పోయే ఊరు అదే, రైతు అతనే, గుడారం వేసే గట్టు అదే.

మా సంఘంలో ఎవరైనా పోయిన ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక పెడతారు. ఆ కూడికలో ఇంటివాళ్ళలో ఒకరు సాక్ష్యం రాసుకొచ్చి చదవాలి. పిల్లవాడు పోయిన తేదీకి ఇంకా నెల ఉన్నా, అప్పటికి లారీ వెళ్ళిపోయి ఉంటుంది గనక కూడిక ముందే పెట్టుకున్నారు. ఇంట్లో చదువు వచ్చింది ఆ అమ్మాయికి ఒక్కదానికే. అమ్మానాయనా ఇద్దరూ ఆమెనే రాయమన్నారు.

ఆమె మొదట రాసింది నాకు చూపించింది. “దేవుడు మాకు తమ్ముణ్ణి ఇచ్చినాడు. దేవుడు తమ్ముణ్ణి ఐదేళ్ళు పెంచినాడు. దేవుడు తమ్ముణ్ణి పిలుచుకున్నాడు. దేవుడు మా కన్నీళ్ళు తుడిచినాడు.” కూడికలో ఎవరు చదివినా ఇలాగే ఉంటుంది. తప్పేమీ లేదు. అయినా ఆ అమ్మాయి కాగితం తిరిగి తీసుకోకుండా నా ముందే నిలబడింది.

“ఇందులో తమ్ముడు యాడా లేడు టీచర్,” అంది.

వరండాలో మెట్టు మీద పక్కన కూర్చోబెట్టుకున్నాను. దేవుడు అనే మాట వెయ్యకుండా ఒక్క వాక్యం చెప్పమన్నాను, వేయడం తప్పని కాదు, ఆయన ఎప్పుడు వస్తాడో చూద్దాం అన్నాను. ఆమె చాలాసేపు సుద్దముక్కను వేళ్ళ మధ్య తిప్పింది. తర్వాత “నీళ్ళు అడిగినాడు” అంది.  ఇంటికి పోయి రాసుకురా అని పంపించాను.

రాసుకొచ్చింది. నా ఉద్యోగంలో అలాంటి కాగితం అంతకు ముందు చదవలేదు. ఒక్కో మాటా ఒక్కో పొడవు. ఒకటి గుడారంతో మొదలైతే ఒకటి ఆటో చప్పుడుతో మొదలైంది. నేను నేర్పినవన్నీ అందులో ఉన్నాయి, కానీ అవి నేర్చుకున్నవని ఎక్కడా తెలియదు. దేవుడు అని ఉన్న చోట్లన్నీ ఖాళీ చేసి ఒక్కొక్క మాటకూ ఒక్కొక్కరిని వెతుక్కునేసరికి, ఆ రోజు ఆ చేలో ఉన్న మనుషులందరూ వచ్చి నిలబడ్డారు. తల్లి ఉంది. తాను ఉంది. కాగితం మధ్యలో తండ్రి ఉన్నాడు.

మీ నాయనకు చూపించినావా అని అడిగాను.

“నాయనకు సదువు రాదు గదా.”

చదివి వినిపించలేదా అంటే తల అడ్డంగా ఊపింది. “ఆ మాట నాయన అన్నాడు టీచర్. నేను కల్పించలే,” అంది.

ఆ పూట బస్సులో కూర్చుని ప్రార్థన చేసుకున్నాను. ఎమ్మిగనూరు వచ్చిందని కండక్టరు భుజం తట్టే దాకా తెలియలేదు. దేవుడు పిలుచుకున్నాడన్న మాట అబద్ధమని నేను అనను. నమ్ముతాను. ప్రాణం ఆయనదే. కానీ ఆ పిలుపుకు ముందు ఒక పగలంతా ఉంది, ఆ పగట్లో మనుషులున్నారు. వాళ్ళు చేసినవీ చేయనివీ ఆయన పేరు వెనక దాచిపెట్టి స్తోత్రం చెబితే అది ఆయనకు చేరుతుందా? మా నాయన చదివించిన లేఖనాల్లో ఏడ్చినవాళ్ళు పొడుగు పొడుగు ఏడుపులే ఏడ్చారు. ఎవరు ఎవరికి ఏం చేశారో పేరుపేరునా ఉంది. ఎవరూ ఏడుపును సమానంగా తెగ్గొట్టుకుని చెప్పలేదు.

అయినా ఆ కాగితం మీద నిర్ణయం నా ఒక్కదానిదే కాదు. మరుసటి రోజు బడి వదిలాక తల్లి దగ్గరకు పోయాను. ఇంటి వెనక ఎండిన పత్తికట్టె విరిచి మోపులు కడుతోంది. తండ్రి లారీ మాట్లాడటానికి, కూలీలను కుదిర్చే మేస్త్రీతో పాటు ఆదోని పోయాడు. కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. ఆమె కట్టె విరవడం ఆపలేదు. తండ్రి మాట వచ్చిన దగ్గర మాత్రం చేతిలోది విరవకుండా పట్టుకుంది.

“ఉండనీ అక్కా,” అంది చివరికి. “నా నోట్లో నుంచి రాని మాట అది. ఏడాది నుంచి అంతా దేవుని మింద ఏసి బతుకుతాండాం. పండుకుంటే అది గొంతుకాడ ఉంటాది.”

మీ ఆయనకు ముందే చెబితే మంచిదేమో అన్నాను. చెబితే చదవనీయడంది. ఇంకో కట్టె అందుకుంటూ అడిగింది, “ఇది యిన్నంక ఈ పిల్లను ఈడ ఇడ్సిపెట్టిపోతాడంటావా?”

నాకు తెలియదన్నాను. ఆమె మోపుకు ముడి బిగించింది.

కూడిక ఆదివారం మధ్యాహ్నం పెట్టారు. రేకుల కప్పు కింద వేడిగా ఉంది. ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు, మధ్యలో బల్ల, బల్ల మీద పిల్లవాడి ఫోటో. ఫోటోలో వాడికి పెద్దవాళ్ళ చొక్కా తొడిగి పైగుండీ దాకా పెట్టారు. పాస్టరు గారు ఆదోని నుంచి మోటారు సైకిలు మీద వచ్చి చెమట తుడుచుకుంటూ పాట ఎత్తుకున్నారు. ముందు వరసలో ఎప్పటిలాగే మా పేటలో అందరికన్నా పెద్దావిడ కూర్చుంది. చెవులు సరిగ్గా వినబడవు. ఆమె మాటలు వినదు, చెప్పేవాళ్ళ పెదవులు ఆగడం చూసి స్తోత్రం అంటుంది. అందరికన్నా గట్టిగా అనేది ఆమే.

పాట అయ్యాక అమ్మాయి లేచి మైకు పట్టుకుంది. అందరికీ వందనాలు చెప్పింది. తర్వాత కాగితం విప్పింది.

“నీళ్ళు అడిగినాడు తమ్ముడు.”

అలవాటు కొద్దీ అందరూ స్తోత్రం అన్నారు. అన్నాక కొందరు ఒకరినొకరు చూసుకున్నారు.

“గుడారంలో నేను తప్ప ఎవరూ లేరు. వాని ఒళ్ళు పెనం మాదిరి కాలుతాంటే, నేను తడిగుడ్డ ఏసి తీసి, ఏసి తీసి, మిరప చేలోకి పరిగెత్తి, ఆ సాలులో వంగినోళ్ళందరి మొగాలు చూసుకుంటా పోయి అమ్మను పిలుసుకొచ్చినాను.”

ఆ మాట నడుస్తుండగా ఇద్దరు ముగ్గురు మధ్యలోనే స్తోత్రం అనబోయి మింగేశారు. మాట పూర్తయినప్పుడు అన్నవాళ్ళు కొద్దిమందే. మగవాళ్ళ వైపు చూశాను. తండ్రి మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని బల్ల కాలు వైపు చూస్తున్నాడు.

“అమ్మ చూసింది. అమ్మ నాయన కాడికి పోయింది.” ఆమె గొంతు ఇంకా నిలకడగానే ఉంది. “‘తూకం అయినంక పోదాం’ అన్నాడు నాయన.”

ఆమె ఊపిరి కోసం ఆగింది. పెదవులు ఆగడం చూసిన ముందు వరసలోని పెద్దావిడ ఒక్కతే నిండుగా, రేకులు మోగేటట్టు, “స్తోత్రం” అంది.

పక్కనున్న ఆమె గబుక్కున పెద్దావిడ మోకాలి మీద చెయ్యి వేసింది. ఏమైందో పెద్దావిడకు అర్థం కాలేదు. చుట్టూ చూసింది. ఇంకెవరి నోరూ కదల్లేదు.

ఆ తర్వాత అమ్మాయి చదివిన దానికి ఎక్కడా స్తోత్రం పడలేదు. తూకం పొద్దు గుంకినాక అయింది. ఆటో చప్పుడు వినబడినప్పుడు తమ్ముడు గోనెపట్టా వైపే చూస్తున్నాడు. దారిలో రెండు సార్లు అమ్మా అన్నాడు. ఆసుపత్రి లైట్లు కనబడ్డాయి. అప్పటికే వాడి చెయ్యి చల్లగా ఉంది. చివర ఒక్క మాటలో మాత్రం దేవుడు వచ్చాడు. “దేవా, వాడు ఇంగా నీళ్ళు అడగతాన్నాడేమో సూడు.” చదివి కాగితం మడిచి తల్లి పక్కన కూర్చుంది.

నేను పిల్లల చేత గీయించిన గీతలు ఆ నేల మీద ఉన్నట్టే కనబడ్డాయి నాకు. తండ్రి మాట గీత చిన్నదే, కానీ కళ్ళు దాని మీదే ఆగాయి.

 పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టి ఎక్కడో తడబడి ఒక పాటలోకి వచ్చారు. ఆ పాట మధ్యలో తండ్రి లేచాడు. కోపంగా లేవలేదు. పక్కవాళ్ళ కాళ్ళు తొక్కకుండా చూసుకుంటూ బయటికి పోయాడు. ఆమెన్ అయ్యాక బొరుగులు, బెల్లం పంచారు. పిల్లలు పేపరు పొట్లాలు పట్టుకుని బయటికి పరిగెత్తారు. పెద్దవాళ్ళు నమిలేది కూడా చప్పుడు కాకుండా నమిలారు. ఇద్దరు ఆడవాళ్ళు నా పక్క నుంచి పోతూ, టీచరమ్మ నేర్పించిందంట, ఇంటి మాట బజార్లో పెట్టేది అని నాకు వినబడేటట్టే అనుకున్నారు. నేను వాళ్ళకు వందనాలు చెప్పాను.

బయట నీళ్ళ డ్రమ్ము పక్కన తండ్రి గొంతుక్కూర్చుని ఉన్నాడు. దగ్గరకు పోయాను. ఏం చెప్పాలో అనుకుని పోలేదు. ఆయనే తలెత్తాడు.

“బాగ నేర్పించినావమ్మా,” అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు. “ఉన్నది ఉన్నట్టు సదివింది. నాకూ ఇనపడతానే ఉంటాది ఆ మాట.”

అయ్యా, నీ తప్పు ఒక్కనిదే కాదు అని మొదలుపెట్టాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆ పిల్లను మీ హాస్టల్లోనే ఉండనీ. ఈడనే రాసుకోనీ. నా కండ్ల ముందర వద్దు.”

ఏ మాట కోసం నేను ఆయన చుట్టూ తిరిగానో ఆ మాటే వచ్చింది. అది వచ్చిన తీరుకు నా చేతిలో బొరుగుల పొట్లం చెమటకు తడిసి చిరిగింది.

లారీ వచ్చిన పొద్దున పేట అంతా రోడ్డు మీదే ఉంది. వంటసామాను, గోనెపట్టాలు, కోళ్ళ గంప ఎక్కించారు. లారీ కదిలే ముందు సంఘ పెద్ద బానెట్టు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తాడు, డ్రైవరు ఏ మతం వాడైనా అప్పటి దాకా ఇంజను ఆన్ చేయడు. పోయిన ఏడు ఇద్దరు పిల్లలనూ క్యాబిను వెనక గాలి తగలని చోట కూర్చోబెట్టి, చుట్టూ దుప్పట్లు దోపింది ఆ తండ్రే. ఈసారి ఆ చోట బియ్యం మూట పెట్టాడు. కూతురు నా పక్కన నిలబడి ఉంది. తల్లి దిగి వచ్చి ఆమె తల నిమిరి, చెవిలో ఏదో చెప్పి, మళ్ళీ ఎక్కింది. తండ్రి మూటల తాడు బిగిస్తూనే ఉన్నాడు. లారీ మలుపు తిరిగే దాకా తాడు బిగిస్తూనే కనబడ్డాడు.

ఆ సుగ్గి అంతా అమ్మాయి హాస్టల్లో ఉంది. పాఠాలు తప్పలేదు. మార్కులు బాగా వచ్చాయి. నేను ఏం రాయమన్నా రాసేది, మాటలు పొడుగూ పొట్టిగా చక్కగా నడిచేవి. కానీ ఆ కాగితాల్లో నాయన ఎక్కడా ఉండేవాడు కాదు. ఇల్లు గురించి రాస్తే అమ్మ, బండ, పిల్లి. పండుగ గురించి రాస్తే సంఘం. ఒకసారి చేను గురించి రాసింది. నాగలి ఉంది, ఎద్దులున్నాయి, తోలేవాడు లేడు. నేను దాని గురించి అడగలేదు. ఆదివారం సాక్ష్యాల్లో అందరితో పాటు స్తోత్రం అనేది, కాకపోతే అందరి తర్వాత, ఒక్క క్షణం ఆలస్యంగా.

ఉగాదికి లారీ వచ్చింది. తల్లి దిగింది. తండ్రి దిగలేదు. గుంటూరులో మిరపకాయలు నిలవ ఉంచే కోల్డ్ స్టోరేజీలో కాపలా పని దొరికిందని, అక్కడే ఉండిపోయాడని చెప్పారు. ఎన్నాళ్ళకు వస్తాడో తల్లి ఎవరికీ చెప్పలేదు, ఆమెకూ తెలియదనుకుంటాను. ఆ ఆదివారం ఆమె సాక్ష్యానికి లేచింది. దేవుడు మమ్మల్ని తీసుకుపోయినాడు. దేవుడు మమ్మల్ని తీసుకొచ్చినాడు. దేవుడు నా బిడ్డను ఈడ కాపాడినాడు. ప్రతి మాటకూ స్తోత్రం దాని చోట అది పడింది. ముందు వరసలోని పెద్దావిడ ఇప్పుడు అందరూ అన్నాకే అంటుంది. పక్కావిడ చెయ్యి ఆమె మోకాలి మీదే ఉంటుంది.

నేను ఆ అమ్మాయికి ఆ కాగితం దిద్ది ఇచ్చి ఉండాల్సిందని సంఘంలో కొందరు ఇప్పటికీ అంటారు. నేను అలా అనుకోను. అది నిజం, దాన్ని దేవుని ముందర చదివాం. నేను ఆయన్ను అడిగేది ఒక్కటే. నిజం చదివిన చోట నుంచి మనిషి బయటికి పోతే, ఆ మనిషిని వెతకడానికి ఆయనే పోవాలి, మా చేత కావడం లేదు. ప్రతి పొద్దూ అదే ప్రార్థన చేస్తున్నాను. ఇంకా జవాబు రాలేదు.

తండ్రి అప్పుడప్పుడూ తల్లికి ఫోను చేస్తాడు. కూతురితో మాట్లాడడు. ఆమె పక్కనే కూర్చుని రెండో వైపు మాటలు వినబడతాయేమోనని వంటపాత్రల చప్పుడు ఆపుతుందని తల్లి నాతో చెప్పింది. మొన్న ఒక రోజు ఆయన అడిగాడట, ఆ పిల్ల ఇంగా రాస్తాండాదా అని. అవునంటే, సరేలే అని ఫోను పెట్టేశాడట. ఆ సంగతి తల్లి కూతురికి చెప్పిందో లేదో నాకు తెలియదు.

తల్లి నాతో ఆ మాట చెప్పిన మరుసటి రోజు పదో తరగతిలో, ఇష్టమైన దాని గురించి ఒక పేజీ రాయమన్నాను. గంట మోగాక అందరి పుస్తకాలూ తెప్పించుకున్నాను. ఆమె పుస్తకంలో పేజీ పైన ఒకే ఒక మాట ఉంది.

“నాయన అడిగినాడు.”

కింద అంతా ఖాళీ. పేజీ నిండకపోతే ఇంకా రాయి అని ఎర్ర సిరాతో రాయడం నా అలవాటు. పెన్ను మూత తీశాను. చాలాసేపు పట్టుకుని కూర్చుని, మూత పెట్టేసి, ఆ పుస్తకాన్ని అలాగే ఆమెకు తిరిగి ఇచ్చాను.